గాలి లేచిన నీటి మీద: చిక్కుకున్న పడవకు సాయం చేసే పద్ధతి

మే నెల, మధ్యాహ్నం మూడున్నర. నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున చింతచెట్టు కింద కూర్చున్నాం. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు అప్పటికి నురగలు కక్కుతున్నాయి. నడి నీళ్లలో ఒక పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, అందులో ఇద్దరు. ఒకతను తెడ్డు వేస్తూనే ఉన్నాడు. పుట్టి మాత్రం గిర్రున తిరుగుతోందే తప్ప ఇటు రావడం లేదు. మా పక్కనున్న కుర్రాడు లేచి ఇంకో పుట్టి దించబోయాడు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: “ఆగరా అబ్బాయ్. నువ్వు పోతే ఆ ఇద్దరూ ముగ్గురవుతారు. అది యాడికి కొట్టకపోతదో ముందు చూడు.”

చూశాం. పుట్టి వెనకాల అవతలి ఒడ్డున ఒంటరి తాటిచెట్టు ఉంది. కాసేపటికి పుట్టి ఆ చెట్టుకు ఎడమగా జరిగింది. ఇంకాసేపటికి ఇంకా ఎడమగా. పెద్దాయన లేచి తాడు భుజానేసుకుని బైకు వెనక ఎక్కాడు. ఒడ్డు చుట్టూ తిరిగి ఓ మలుపు దగ్గర ఆగాం. గంట గడవక ముందే పుట్టి దానంతటదే అక్కడికి వచ్చింది. రాళ్లకు కొట్టుకోకముందే తాడు విసిరి లాగేశాం. ఒక్కరం కూడా నీళ్లలో దిగలేదు.

చిక్కుకున్న పడవ ఒకచోట నిలబడి ఉండదు, గాలి దాన్ని తోస్తూనే ఉంటుంది. ఎటు తోస్తోందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. సాయానికి వెళ్లేవాళ్లకైనా, పడవలో ఉన్నవాళ్లకైనా మొదటి లెక్క ఇదే.

ముందు గాలిని చదవండి

మన దగ్గర ఎండాకాలం పొద్దున్నే నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. ఎండ ముదిరి నేల కాగేకొద్దీ గాలి లేస్తుంది. పులికాట్, కొల్లేరు లాంటి సముద్రానికి దగ్గరి సరస్సుల్లో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తోడవుతుంది. సాగర్, శ్రీశైలం లాంటి కొండల మధ్య జలాశయాల్లో ఇంకో తిరకాసు ఉంది. లోయ సందుల్లోంచి గాలి ఒక్కసారిగా ఊడిపడుతుంది. కొండ చాటున ఉన్నంతసేపూ ఏమీ అనిపించదు, మలుపు తిరగ్గానే పడవ పక్కకు ఒరుగుతుంది. ఇక నైరుతి వచ్చాక రోజంతా గాలే. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పందేలు వానాకాలంలో పెట్టేది ఆ గాలి కోసమే. వాళ్లకు పనికొచ్చే గాలి తెడ్డు పడవకు శత్రువు.

గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలు అవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో ఎలాగోలా తెడ్డు వేసినవాడు 40 కిలోమీటర్ల గాలిలో సగం వేగంతో అయినా వస్తాననుకుంటాడు. రాడు, వెనక్కే పోతాడు. కొలిచే పరికరం లేకపోయినా నీళ్లే చెబుతాయి. అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తే చిన్న పడవ ఒడ్డు వెంబడే ఉండాలి. నీళ్లంతా తెల్లగా కనిపిస్తే అసలు దించకూడదు.

ఒడ్డున నిలబడి చూసేటప్పుడు ఒక మోసం జరుగుతుంది. గాలి మీ వీపు వైపు నుంచి నీళ్ల మీదకు వీస్తుంటే మీ కాళ్ల దగ్గర అలలుండవు. ప్రశాంతంగా ఉంది కదా అని బయల్దేరతారు. పోయేకొద్దీ అల పెద్దదవుతుంది, ఎందుకంటే గాలికి నీటి మీద పరిగెత్తే దూరం దొరుకుతోంది. పైగా తిరిగి వచ్చేటప్పుడు అంతా ఎదురుగాలి. నన్నడిగితే, ఇటువంటి రోజున ఎదురుగాలిలోనే బయల్దేరి గాలివాటున తిరిగి రావాలి. అలసిపోయినా గాలే ఇంటికి చేరుస్తుంది.

లోతు లేని సరస్సు అంటే ప్రమాదం లేదనుకోవడం ఇంకో పొరపాటు. కొల్లేరులో, పులికాట్‌లో చాలాచోట్ల గెడ వేసి పడవ నడుపుతారు, అంత తక్కువ నీళ్లు. కానీ లోతు తక్కువైన చోట అలలు పొట్టిగా, నిట్టనిలువుగా, ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఒక అల నుంచి పడవ తేరుకునేలోపు రెండోది అంచు మీదుగా లోపలికి దూకుతుంది.

మేఘం సంగతి వేరే చెప్పాలి. ఒక దిక్కున నల్లగా కమ్ముకుని, ఉక్కపోత మధ్యలో చల్లగాలి, తడిమట్టి వాసన వచ్చిందంటే ఈదురుగాలికి నిమిషాల వ్యవధే ఉంది. దగ్గర్లో ఏ ఒడ్డు ఉంటే ఆ ఒడ్డుకు చేరాలి, బయల్దేరిన రేవుకే కాదు. ఉరుము వినబడితే పిడుగు మీ దాకా రాగలదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ నీళ్లలోకి. ఫోన్లో వాతావరణ శాఖ వారి ‘మౌసమ్’, పిడుగుల కోసం ‘దామిని’ యాప్‌లు పెట్టుకోండి. అయితే సిగ్నల్ లేని బ్యాక్‌వాటర్‌లో మీ కళ్లే యాప్.

పడవలో ఏముండాలి

లైఫ్ జాకెట్ ఉండటం వేరు, వేసుకుని ఉండటం వేరు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) రాకముందే ఊరివాళ్లు చిన్న పడవల్లో వచ్చి నీళ్లలో తేలుతున్న ఇరవై మందికి పైగా మనుషుల్ని లాగారు. తేలుతున్నవాళ్లనే కదా ఎవరైనా లాగగలిగేది.

జాకెట్ సరిపోయిందో లేదో చూడటానికి బకిల్స్ అన్నీ పెట్టాక పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చిందంటే అది నీళ్లలో మీ మెడ నుంచి జారిపోతుంది. పట్టీలు బిగించాలి లేదా ఇంకొకటి అడగాలి. పిల్లలకు కాళ్ల మధ్య పట్టీ ఉన్నదే వేయాలి. నొక్కితే అప్పడంలా అయిపోయిన ఫోమ్ జాకెట్‌ను వెనక్కి ఇచ్చేయండి. సెల్ఫీలో లావుగా కనిపిస్తున్నామని బకిల్ విప్పేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మిగతావి ఖరీదైనవేమీ కావు. నీళ్లలో తేలే తాడు ఓ ఇరవై, ముప్పై మీటర్లు. నీళ్లు తోడటానికి అడ్డంగా కోసిన ప్లాస్టిక్ డబ్బా, దాన్ని పడవకే కట్టి ఉంచాలి. లేకపోతే అలకు అదే మొదట పోతుంది. ఒక అదనపు తెడ్డు, పదునైన కత్తి, విజిల్, లంగరు. ఫోన్‌ను రెండు పాలిథిన్ కవర్లలో ముడేసి మెడలో వేసుకోండి. జేబులో కాదు, జేబు నీళ్ల కింద ఉంటుంది.

ఇంకొకటి, ఖర్చు లేనిది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్లండి. “ఆరింటికి రాకపోతే ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే 112కి చెప్పు” అని అంత స్పష్టంగా చెప్పాలి. “వచ్చేస్తాంలే” అని కాదు.

మీ పడవే చిక్కుకుంటే

ఇంజన్ ఆగింది, లేదా తెడ్డు చేజారింది, లేదా గుర్రపుడెక్క చుట్టేసింది. కొల్లేరు వైపు తిరిగినవాళ్లకు ఇది తెలిసిందే. గాలి దిక్కు మారితే గుర్రపుడెక్క ఒక చాపలా జరిగి వచ్చి దారి మూసేస్తుంది. ముందు మీరు చేయాల్సింది ఇంజన్ బాగుచేయడం కాదు, పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పడం. గాలికి అడ్డంగా నిలిచిన పడవ ప్రతి అలకూ పక్కకు ఒరుగుతుంది. ముక్కుతో అలను ఎదుర్కొంటే తట్టుకుంటుంది.

ముక్కును అలా నిలిపేది లంగరు. దాన్ని ముందు కొస నుంచే వేయాలి, వెనక నుంచి వేస్తే అలలు వెనక అంచు మీదుగా లోపలికి వస్తాయి. తాడును లోతుకు కనీసం ఐదింతలు, గాలి ఎక్కువైతే ఏడింతలు వదలాలి. ఇరవై అడుగుల లోతులో పాతిక అడుగుల తాడు కడితే లంగరు నేలను పట్టదు, గెంతుతూ పోతుంది. లంగరు లేదా? బకెట్‌ను తాడుతో ముందు కొసకు కట్టి నీళ్లలో వేయండి. అది ఆపదు కానీ వెనక్కి గుంజుతుంది, ముక్కు దానంతటదే గాలికి తిరుగుతుంది, కొట్టుకుపోయే వేగం తగ్గుతుంది. పుట్టికి ముక్కూ తోకా ఉండవు, అయినా అందులోనూ ఇదే మందు. తిరగడం తగ్గుతుంది.

తర్వాత అందరూ పడవ అడుగున కూర్చోవాలి, బల్లల మీద కాదు. తొక్కుడు పడవకు పైన గుడ్డ కప్పు ఉంటే విప్పేయండి, అదే తెరచాప అయి మిమ్మల్ని లాక్కుపోతోంది. ఒకరు నీళ్లు తోడుతూ ఉండాలి. ఒకరు 112కి ఫోన్ చేసి, పడవలో ఎందరున్నారో, పిల్లలున్నారో, ఏ కొండ లేదా గుడి ఎదురుగా ఉన్నారో, గాలి ఎటు తోస్తోందో చెప్పాలి. డేటా పనిచేస్తుంటే లైవ్ లొకేషన్ పంపాలి. ఒడ్డున మనుషులు కనబడితే రెండు చేతులూ పక్కలకు చాపి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. ఒక్క చెయ్యి ఊపితే వాళ్లు టాటా అనుకుని తిరిగి ఊపుతారు. ఇది నాకు జరిగింది.

పడవ తిరగబడినా దాన్ని వదలకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఒడ్డు అల్లంత దూరంలో ఉన్నట్టే ఉంటుంది. నీళ్ల మీద దూరం కంటికి తక్కువగా తెలుస్తుంది, బట్టలతో అలల్లో ఈదడం చెరువులో ఈదినట్టు ఉండదు. తిరగబడిన చెక్క పడవ చాలావరకు తేలుతూనే ఉంటుంది. వెతికేవాళ్లకు తల కంటే పడవే ముందు కనిపిస్తుంది. అంచు పట్టుకుని, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, ఒకరికొకరు ఆనుకుని ఉండండి. మన నీళ్లు గోరువెచ్చగా ఉన్నా గంటలు గడిస్తే ఒంటి వేడి లాగేస్తాయి. డిసెంబర్ తెల్లవారుజామున ఇంకా త్వరగా.

ఒడ్డు మీద నుంచి సాయం

ఇప్పుడు మీరు ఒడ్డున ఉన్నారు, నీళ్లలో ఎవరో ఉన్నారు. ఈ వరుస తప్పకండి.

1. 112కి ఫోన్. మీరు చేయండి లేదా ఒక మనిషిని వేలు పెట్టి చూపించి “నువ్వు చెయ్యి” అనండి. గుంపులో “ఎవరైనా ఫోన్ చేయండి” అంటే ఎవరూ చేయరు.

2. ఒక మనిషి కళ్లు పడవ మీద నుంచి తీయకూడదు. అతనికి ఇంకే పనీ చెప్పకండి. అలల మధ్య తల ఒకసారి తప్పిపోతే మళ్లీ దొరకడం కష్టం.

3. గురుతు పెట్టుకోండి. మీరు కదలకుండా నిలబడి, పడవ వెనకాల అవతలి ఒడ్డున చెట్టో, స్తంభమో చూసుకోండి. పడవ ఆ గురుతు నుంచి ఎటు జరుగుతోందో పది నిమిషాలు చూస్తే ఏ ఒడ్డుకు చేరుతుందో అంచనా వస్తుంది. పడవలోవాళ్లు జాకెట్లతో ఉండి, పడవ మునగకుండా ఉంటే, చుట్టూ తిరిగి అక్కడికి వెళ్లి నిలబడటమే మంచిది. వాళ్లు నీళ్లలో ఉన్నారంటే మాత్రం పది నిమిషాలు చూసే టైమ్ లేదు.

4. అందేంత దూరంలో ఉంటే అందించండి: గెడ, వెదురు కర్ర, చెట్టుకొమ్మ. మీరు బోర్లా పడుకుని అందించాలి, మీ కాళ్లు ఇంకొకరు పట్టుకోవాలి. నిలబడి ఇస్తే మునిగే మనిషి మిమ్మల్నే లాగేస్తాడు.

5. అందకపోతే విసరండి. ఐదు లీటర్ల నూనె డబ్బా చాలు. ఖాళీది విసిరితే గాలికి వెనక్కి వస్తుంది, అందుకే ఒక గ్లాసుడు నీళ్లు పోసి మూత బిగించి, పిడికి తాడు కట్టి విసరాలి. మనిషి మీదకు కాదు, అతన్ని దాటించి, గాలి వచ్చే వైపుకు. అప్పుడు గాలే డబ్బాను అతని చేతికి తెస్తుంది. తాడు లేకపోతే రెండు చీరలు తడిపి ముడేస్తే సరిపోతుంది. తడిస్తే ముడి బిగుస్తుంది.

మునిగిపోయే మనిషి సినిమాలోలా కేకలు వేయడు. నోరు నీళ్ల మట్టంలో ఉంటుంది, శ్వాసకే సరిపోదు, ఇంక అరిచేదెక్కడ. నిలువుగా ఉండి, తల వెనక్కి వాల్చి, చేతులు నీళ్ల మీద కొట్టుకుంటూ ఉంటే ఆటలాడుతున్నాడనుకోకండి. ఒక నిమిషం కూడా ఉండకపోవచ్చు.

పడవేసుకుని వెళ్లక తప్పకపోతే

ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మీ పడవ ఈ గాలిలో తిరిగి రాగలదా? వాళ్లందరూ ఎక్కితే నీటికీ అంచుకీ మధ్య జానెడైనా మిగులుతుందా? మీతో పాటు నీళ్లు తెలిసిన ఇంకో మనిషి ఉన్నాడా? ఒక్కదానికి కాదని వచ్చినా వెళ్లకండి. పెద్ద లాంచీ సరంగునో, ఇంజన్ పడవ ఉన్న జాలరినో పిలవండి. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టేదానికన్నా ఎక్కువ మందిని ఎక్కిస్తే ఏమవుతుందో మనకు కొత్తగా నేర్పక్కర్లేదు. సాయానికి వెళ్లిన పడవకు కూడా అదే లెక్క.

వెళ్లేటప్పుడు నేరుగా దూసుకుపోవద్దు. కొంచెం దూరంలో ఆగి, ఆ పడవ ఎంత వేగంగా కొట్టుకుపోతోందో, మీది ఎంత వేగంగా పోతోందో చూడండి. కప్పున్న ఫైబర్ తొక్కుడు పడవ గాలికి త్వరగా పోతుంది, బరువున్న చెక్క పడవ నిదానంగా పోతుంది. చుట్టూ నీళ్లలో తాడు, వల తేలుతున్నాయేమో కూడా చూసుకోండి. మీ ఇంజన్ ఫ్యాన్‌కు వల చుట్టుకుంటే ఇప్పుడు చిక్కుకున్న పడవలు రెండు.

తర్వాత గాలి పోయే వైపు నుంచి, అంటే మీ ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా, నిదానంగా దగ్గరకు రండి. ఎదురుగాలిలో పడవ మీ చేతిలో ఉంటుంది, ఇంజన్ తగ్గిస్తే ఆగుతుంది. గాలివాటున వస్తే ఆగమన్నా ఆగదు, వెళ్లి వాళ్ల మీద పడుతుంది. వాళ్లు నీళ్లలో ఉంటే ఇది ఇంకా ముఖ్యం. పక్కకు చేరగానే ఇంజన్ పూర్తిగా ఆపేయండి. న్యూట్రల్ కాదు, ఆపేయడమే. ఫ్యాన్ దగ్గర మనిషి కాళ్లు ఉంటాయి.

ఆ పడవ రాళ్ల ఒడ్డు వైపు కొట్టుకుపోతుంటే దానికీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ దూరకండి. గాలి వచ్చే వైపే లంగరు వేసి, తాడు కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి జారి వాళ్లను చేరండి. మళ్లీ అదే తాడు పట్టుకుని పైకి రావచ్చు.

పడవ మునగకపోతే మనుషుల్ని అటూ ఇటూ మార్చే పని పెట్టుకోకండి. రెండు పడవలూ ఎగిరెగిరి పడుతుంటే మధ్యలో కాలో చెయ్యో నలుగుతుంది. ఉన్నవాళ్లను ఉన్నచోటే ఉంచి, జాకెట్లు లేనివాళ్లకు జాకెట్లు విసిరి, లాక్కురావడం మంచిది.

తాడు కట్టి లాగడం

తాడును వాళ్ల పడవ ముందు కొసకు, బలమైన చోట, వీలైనంత కిందికి కట్టాలి. మీ వైపు మాత్రం గట్టి ముడి వద్దు. అడ్డ దూలానికి రెండు మూడు చుట్లు వేసి, కొస ఒక మనిషి చేతిలో ఉండాలి. ఆపద వస్తే విప్పేయాలి, విప్పడం కుదరకపోతే కోసేయాలి. కత్తి పక్కనే ఉండాలన్నది ఇందుకే. తాడు వరుసలో ఎవరినీ కూర్చోనివ్వకండి. బిగిసిన నైలాన్ తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, కళ్లు పోతాయి.

తాడు పొడవుగా వదలండి. రెండు పడవలూ ఒకేసారి అల ఎక్కి ఒకేసారి దిగేలా పొడవు సరిచేస్తే గుంజుడు ఉండదు. ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంటే ప్రతి అలకూ తాడు టప్పున బిగుస్తుంది. వెనక పడవలోవాళ్లు కొంచెం వెనక్కి జరిగి కూర్చుని, ఒకరు తెడ్డును వెనక కొస నుంచి నీళ్లలో చుక్కానిలా పట్టుకుంటే పడవ అటూ ఇటూ పోకుండా వస్తుంది. పుట్టిని లాగాలంటే పని వేరు. దానికి కట్టడానికి బలమైన చోటు ఉండదు, లాగితే అంచు మునుగుతుంది. అందుకే పుట్టిలోవాళ్లను ఒక్కొక్కరినే ఎక్కించుకుని, ఖాళీ పుట్టిని వెనక కట్టుకోవడం మేలు.

ఎక్కడికి లాగాలి? దగ్గర్లో గాలి తగలని చాటు ఎక్కడుంటే అక్కడికి. కారు అక్కడుంది, చెప్పులు అక్కడున్నాయి, బయల్దేరిన రేవుకే తీసుకెళ్లండని వాళ్లు అడుగుతారు. వినకండి. చెప్పులు రేపు తెచ్చుకోవచ్చు.

నీళ్లలోని మనిషిని పైకి తీయడం

ముందు తెడ్డు అందించండి, చెయ్యి కాదు. భయంలో ఉన్న మనిషి మిమ్మల్ని మెడ పట్టి లాగితే గుంజుకోవడానికి పెనుగులాడకండి. ఊపిరి బిగబట్టి కిందికి మునగండి, అతనే వదిలేస్తాడు, అతనికి కావాల్సింది పైకి రావడం కదా.

నాటు పడవలోకి పక్కల నుంచి లాగితే పడవ ఒరుగుతుంది. కొస నుంచి లాగాలి. తాడుతో ఉచ్చు వేసి నీళ్లలోకి వదిలితే కాలు పెట్టడానికి మెట్టులా పనికొస్తుంది. పుట్టిలోకైతే ఇంకో మనిషి ఎదురు అంచున బరువుగా కూర్చుంటే తప్ప ఎక్కించకండి. అలా కుదరకపోతే అంచు పట్టుకుని ఉండమని ఒడ్డుకు చేర్చడమే.

ఒడ్డుకు వచ్చాక

పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం: ఇవన్నీ మన ఊళ్లలో ఇప్పటికీ చేస్తారు. ఒక్కటీ చేయకండి. పొట్టలోని నీళ్లు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలు పోతాయి.

పిలిచి చూడండి. పలకకపోతే, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే, వెల్లకిలా పడుకోబెట్టి తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో ముందు ఊపిరి ఊదండి. నీళ్లలో మునిగిన మనిషికి మొదట తగ్గేది గాలే. ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదండి. నొక్కితే పెద్దవాళ్లకు ఛాతీ 5 సెంటీమీటర్లు దిగాలి, వేగం నిమిషానికి 100 నుంచి 120. అంబులెన్స్ వచ్చేదాకా, లేదా అతను కదిలేదాకా ఆపకండి. అలసిపోతే రెండు నిమిషాలకొకరు మారండి. 108కి ఎవరో ఒకరు ముందే ఫోన్ చేసి ఉండాలి.

ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకు ఒరిగించి పడుకోబెట్టండి. స్పృహ ఉంటే తడిబట్టలు తీసి పొడి దుప్పటి కప్పండి. మందు మాత్రం పోయకండి, ఒళ్లు వేడెక్కుతుందనేది భ్రమ. “బాగానే ఉన్నాను అన్నా, ఇంటికి పోతా” అన్నా సరే, నీళ్లు మింగి దగ్గుతున్న మనిషిని ఆసుపత్రిలో చూపించాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఊపిరి అందకపోవడం మొదలవచ్చు.

అందరూ మర్చిపోయే పని ఒకటి మిగులుతుంది. 112కి మళ్లీ ఫోన్ చేసి, అందరూ బయటికి వచ్చారని, ఎందరో లెక్క చెప్పండి. వదిలేసిన పడవ గాలికి ఎక్కడికైనా పోయి రేపు పొద్దున ఖాళీగా తేలుతూ కనబడితే, ఎవరో మునిగిపోయారని ఇంకో రేవులో ఇంకో గుంపు వెతకడానికి దిగుతుంది. వీలైతే దాన్ని పైకి లాగి బోర్లా వేసి కట్టేయండి. ఆ రోజు పెద్దాయన అదే చేశాడు. పుట్టిని బోర్లా వేసి, దాని మీద రాయి పెట్టి, తడిసిన తాడును తాటిచెట్టుకు ఆరేసి, తన వల దగ్గరకు దింపమన్నాడు.